జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్ (1963): తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా కథ ఏమిటి?

థెస్సలీ రాజ్యాన్ని పీలియస్ అనేవాడు కత్తి బలంతో ఆక్రమించుకుంటాడు. ఆ దాడిలో హీరా దేవత గుడిలోనే రక్తం చిందడంతో దేవి ఆగ్రహిస్తుంది. రాజుగారి పసిబిడ్డ జేసన్ ఆ రాత్రి ప్రాణాలతో బయటపడి, ఇరవై ఏళ్ల తరువాత తన రాజ్యాన్ని తిరిగి అడగడానికి వస్తాడు. ప్రపంచపు అంచున కోల్కిస్ దేశంలో ఒక చెట్టుకు వేలాడుతున్న బంగారు పొట్టేలు తోలును తెచ్చినవాడినే ప్రజలు రాజుగా నమ్ముతారన్న ఆలోచనతో, అతడు గ్రీసులోని వీరులను పోటీలు పెట్టి ఎంపిక చేసుకుని, ఆర్గో అనే ఓడలో బయలుదేరుతాడు. ఆ ఓడ పేరు మీదనే అందులోని వారికి ఆర్గోనాట్స్ అనే పేరు వచ్చింది. పైన ఒలింపస్ కొండ మీద దేవతల రాజు జియస్, హీరా చదరంగం వంటి ఒక పటం మీద పావులు జరుపుతూ ఈ ప్రయాణాన్ని చూస్తుంటారు. జేసన్‌కు హీరా అయిదు సార్లు మాత్రమే సాయం చేయవచ్చని జియస్ షరతు పెడతాడు. నిడివి 104 నిమిషాలు.

దర్శకుడు ఎవరు? అందరూ రే హ్యారీహౌసెన్ పేరే ఎందుకు చెబుతారు?

దర్శకుడు డాన్ చాఫీ, నిర్మాత చార్ల్స్ ష్నీర్, రచయితలు జాన్ రీడ్, బెవర్లీ క్రాస్. విడుదల చేసిన సంస్థ కొలంబియా పిక్చర్స్. అయినా ఈ సినిమా ప్రస్తావన రాగానే ఎవరి నోటైనా ముందుగా వచ్చేది ప్రత్యేక దృశ్యాలను సృష్టించిన రే హ్యారీహౌసెన్ పేరే, అది న్యాయమే అని నా అభిప్రాయం. ఏ దృశ్యంలో ఏ ప్రాణి కనిపించాలో మొదట ఆయనే పెద్ద పెద్ద బొగ్గు చిత్రాలుగా గీసేవారు, కథ ఆ చిత్రాల చుట్టూ అల్లుకునేది. నటులను నడిపించినది దర్శకుడైతే, బొమ్మలకు ప్రాణం పోసినది ఈయన.

హ్యారీహౌసెన్ 1920 జూన్ 29న లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. పదమూడేళ్ల వయసులో, 1933లో, కింగ్ కాంగ్ చూసి ఆ కోతి ఎలా కదిలిందో తెలుసుకోవాలన్న తపనతో ఇంట్లోనే బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆయన తండ్రి యంత్రాల పని తెలిసినవారు కనుక బొమ్మల లోపలి లోహపు కీళ్లను తయారు చేసి ఇచ్చేవారు, తల్లి బొమ్మలకు దుస్తులు కుట్టేవారు. కింగ్ కాంగ్‌కు ప్రాణం పోసిన విల్లిస్ ఓబ్రయన్ దగ్గరే ఆయన తరువాత శిష్యరికం చేశారు. ఒక ఇంటి మొత్తం శ్రమ ఈ కళ వెనుక ఉన్నదన్న సంగతి ఆయన సినిమాలు చూసే ప్రతిసారీ నాకు గుర్తుకు వస్తుంది.

స్టాప్ మోషన్ అంటే ఏమిటి? బొమ్మలు నిజమైన నటుల పక్కన ఎలా కనిపిస్తాయి?

సినిమాలో ఒక్క సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, కంటి ముందు నుంచి సాగిపోతాయి. స్టాప్ మోషన్‌లో బొమ్మను ఒక భంగిమలో నిలిపి ఒక ఫ్రేము తీస్తారు, చేయి వెంట్రుకవాసి జరిపి మరో ఫ్రేము తీస్తారు, మళ్లీ జరుపుతారు. బొమ్మ లోపల బంతి గిన్నె కీళ్లున్న లోహపు చట్రం ఉంటుంది కనుక, జరిపిన చోట అది కదలకుండా నిలబడుతుంది. చట్రం పైన రబ్బరు చర్మం, ఆపై రంగు.

ఇక నటులతో కలపడం వేరే విద్య. నటుల దృశ్యాన్ని ముందే తీసి, దాన్ని ఒక చిన్న తెర మీద వెనుక నుంచి ఒక్కొక్క ఫ్రేముగా ప్రొజెక్ట్ చేస్తారు. ఆ తెర ముందు బల్ల మీద బొమ్మ నిలబడి ఉంటుంది. కెమెరాకు, బొమ్మకు మధ్య ఒక గాజు పలక పెట్టి, దృశ్యంలో బొమ్మకంటే ముందు కనిపించవలసిన నేల, బండరాళ్లు వంటి భాగాన్ని దాని మీద నల్లరంగుతో కప్పేస్తారు. ఇలా ఒకసారి చిత్రీకరించాక ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి ఆ కప్పేసిన భాగాన్ని మాత్రమే వెలుగులోకి తెచ్చి రెండోసారి చిత్రీకరిస్తారు. ఫలితంగా బొమ్మ వెనుక ఒక లోకం, ముందు ఒక లోకం ఏర్పడి, అది నటుల నడుమనే నిలబడినట్టు కనిపిస్తుంది. ఈ పద్ధతికి ప్రచారంలో డైనమేషన్ అని పేరు పెట్టారు.

కంచు రాక్షసుడు టాలోస్ కదలిక ఎందుకంత బిర్రబిగుసుకుని ఉంటుంది? అప్పటికి సాంకేతికత చాలకనా?

కాదు, అది కావాలని చేసిన పని. తన వృత్తి జీవితమంతా కదలికను సున్నితంగా చేయడానికి శ్రమించిన హ్యారీహౌసెన్, ఈ ఒక్క పాత్ర కోసం దాన్ని మొరటుగా చేశారు. టాలోస్ కంచుతో పోతపోసిన విగ్రహం. కండ లేని, నరం లేని లోహం కదిలితే కిర్రుమంటూనే కదలాలి. అందుకే అతడు తల తిప్పేటప్పుడు వినిపించే ఆ లోహపు చప్పుడు లేకుండా ఆ దృశ్యాన్ని ఊహించలేం.

కథలో హెర్క్యులిస్, యువకుడు హైలస్ ఆ ద్వీపంలో ఆహారం, నీరు తప్ప మరేమీ ముట్టవద్దన్న హీరా హెచ్చరికను పక్కన పెట్టి, విగ్రహం పీఠం కింద ఉన్న ధనాగారంలోకి వెళ్లి, బల్లెమంత పొడవున్న ఒక నగ సూదిని తీసుకుంటారు. బయటకు రాగానే పైనున్న విగ్రహం మెల్లగా తల తిప్పి కిందికి చూస్తుంది. ఆ తరువాత అది ఓడ దారికి అడ్డంగా రెండు కొండల మీద కాళ్లు చాచి నిలబడుతుంది. పురాతన కాలపు రోడ్స్ ద్వీపపు మహావిగ్రహం గురించి చెప్పుకునే ఊహ నుంచి తీసుకున్న భంగిమ ఇది.

టాలోస్ ప్రాణం అతడి మడమలో ఉంటుంది. దుర్యోధనుడి ప్రాణం తొడలో ఉన్నట్టు చెప్పుకునే కథలు విన్న మనకు ఈ కిటుకు కొత్తది కాదు. జేసన్ ఆ మడమకున్న బిరడా తిప్పగానే లోపలి జీవద్రవం పొగలు కక్కుతూ కారిపోతుంది, కంచు విగ్రహం గొంతు పట్టుకుని ఊపిరాడనట్టు తడబడుతుంది. అతడు నోరు విప్పి ఒక్క మాట మాట్లాడడు, ముఖంలో ఏ భావమూ మారదు, అయినా ఆ చావు చూస్తుంటే జాలి కలుగుతుంది. ఈ సినిమాలో అత్యుత్తమ నటన ఏదని ఎవరైనా అడిగితే నేను ఈ దృశ్యాన్నే చూపిస్తాను.

అస్థిపంజరాల పోరాటం తీయడానికి నిజంగా నాలుగున్నర నెలలు పట్టిందా?

అవును. తెర మీద కొన్ని నిమిషాలు మాత్రమే సాగే ఆ పోరాటంలో యానిమేషన్ పనికి నాలుగున్నర నెలలు పట్టింది. ఎందుకో లెక్క వేసుకుంటే అర్థమవుతుంది. అస్థిపంజరాలు ఏడు. ఒక్కొక్కదానికి రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక తల. అంటే ప్రతి ఫ్రేముకూ కనీసం ముప్పై అయిదు కదలికలు. వీటిలో ఏ కత్తి పైకి లేస్తోంది, ఏ డాలు కిందికి దిగుతోంది, ఏ పాదం ముందుకు పడబోతోంది అన్నదంతా మనసులోనే పెట్టుకోవాలి. మధ్యలో ఫోను మోగితే ఎక్కడున్నామో మరచిపోయే పని ఇది. చాలా రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా శ్రమించినా పదమూడు ఫ్రేములకు మించి పూర్తయ్యేవి కావు, అంటే తెర మీద అర సెకను కంటే కాస్త ఎక్కువ. పైగా ఆ రోజుల్లో తీసినదాన్ని అప్పటికప్పుడు చూసుకునే వీలు లేదు. ఫిల్ము ల్యాబ్ నుంచి తిరిగి వస్తేగాని తప్పు జరిగిందో లేదో తెలియదు.

నటుల వైపు నుంచి కూడా ఇది కష్టమైన పనే. ముందుగా స్టంట్ కళాకారులు అస్థిపంజరాల స్థానంలో నిలబడి, ఒక్కొక్క దెబ్బనూ లెక్క పెట్టుకుంటూ నటులతో సాధన చేయించారు. ఆ తరువాత వారు పక్కకు తప్పుకుంటే, నటులు అవే దెబ్బలను ఖాళీ గాలిలోకి, కత్తి సరిగ్గా తగలవలసిన చోటనే ఆపుతూ కొట్టవలసి వచ్చింది. జేసన్‌గా నటించిన టాడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ చూపు అక్కడ లేని శత్రువు కళ్ల ఎత్తులోనే నిలిచి ఉండటం గమనించండి. ఆ చూపు ఒక్క అంగుళం తప్పినా మొత్తం భ్రమ చెదిరిపోయేది.

బొమ్మల ఎత్తు దాదాపు జానెడు ఉంటుంది. లోహపు చట్రం మీద లేటెక్స్‌లో ముంచిన దూదిని చుట్టి ఎముకలుగా మలిచి రంగు వేశారు. ఆ ఏడింటిలో ఒకటి కొత్తది కాదు, హ్యారీహౌసెన్ 1958లో ది సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్ కోసం చేసినదే. అక్కడ ఒక అస్థిపంజరంతో ఒక వీరుడు పోరాడితే, ఇక్కడ ఏడింటితో ముగ్గురు పోరాడతారు.

అస్థిపంజరాలు నేల నుంచి మొలకెత్తడం గ్రీకు పురాణంలో ఉందా?

మొలకెత్తడం ఉంది, అస్థిపంజరాలు లేవు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అపొలోనియస్ రాసిన ఆర్గోనాటికా అనే నాలుగు సర్గల గ్రీకు కావ్యంలో, కోల్కిస్ రాజు ఈటీస్ జేసన్‌కు ఒక పరీక్ష పెడతాడు. నిప్పులు కక్కే, కంచు గిట్టల ఎద్దులను కాడికి కట్టి, పొలం దున్ని, డ్రాగన్ పళ్లను విత్తనాలుగా చల్లాలి. ఆ విత్తనాల నుంచి కవచాలు తొడుక్కున్న సజీవ యోధులు పంటలా మొలుస్తారు. జేసన్ వారి మధ్యకు ఒక బండరాయిని విసిరి, వారిలో వారే కొట్టుకునేలా చేస్తాడు. ఈ ఉపాయం చెప్పింది రాజు కూతురు మెదియా.

సినిమా ఎద్దులను వదిలేసింది. పళ్లు డ్రాగన్‌వి కాక, బంగారు తోలుకు కాపలా ఉన్న ఏడు తలల సర్పం హైడ్రావి అయ్యాయి. మొలకెత్తినవారు ఆ హైడ్రా చేతిలో చచ్చినవారి ఎముకలుగా మారారు. దేవీ మాహాత్మ్యంలో రక్తబీజుడి రక్తపు చుక్క పడిన ప్రతిచోటా ఒక రాక్షసుడు లేచే ఘట్టం చిన్నప్పుడే విన్నవారికి, నేల చీల్చుకుని శత్రువు లేచే ఈ దృశ్యం ఎందుకు వెన్ను జలదరింపజేస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు.

అలాగైతే సినిమా పురాణానికి ఎంత దూరం జరిగింది?

చాలా చోట్ల జరిగింది, అయితే యథేచ్ఛగా కాదు. ముఖ్యమైన మార్పులను చెబుతాను.

హైడ్రా నిజానికి హెర్క్యులిస్ కథలోని ప్రాణి. లెర్నా చిత్తడి నేలలో దాన్ని చంపడం అతడు చేసిన సాహసాల్లో రెండోది. బంగారు తోలుకు కాపలా ఉన్నది నిద్రపోని మహాసర్పం, దాన్ని మెదియా తన మంత్రంతోనే నిద్రపుచ్చుతుంది. టాలోస్ కూడా పురాణంలో క్రీట్ ద్వీపానికి కాపలాదారు, రోజుకు మూడుసార్లు ఆ ద్వీపం చుట్టూ తిరుగుతాడు. ఆర్గో ఓడకు అతడు ఎదురయ్యేది తిరుగు ప్రయాణంలో, అతడి చావుకు కారణం మళ్లీ మెదియాయే. హెర్క్యులిస్ ప్రయాణం మధ్యలో ఆగిపోవడం మాత్రం పురాణంలోనూ ఉంది. అక్కడ హైలస్‌ను నీటి కన్యలు చెలమలోకి లాక్కుపోతే, అతడిని వెతుకుతూ హెర్క్యులిస్ ఓడను వదులుకుంటాడు. సినిమాలో హైలస్ కూలుతున్న టాలోస్ కింద పడి చనిపోతాడు, ఆ సంగతి తెలియని హెర్క్యులిస్ వెతకడానికి ద్వీపంలోనే ఉండిపోతాడు. అపరాధ భావంతో వెనుక మిగిలిపోయే ఈ హెర్క్యులిస్ పాత్రను నైజెల్ గ్రీన్ పోషించారు, ఆయన కండల ప్రదర్శన చేయకుండా, నవ్వే నడివయసు మనిషిగా నటించడం నాకు ఎంతో నచ్చుతుంది.

అంధుడైన ఫినియస్ అన్నాన్ని ఎగరేసుకుపోయే, రెక్కలున్న రాక్షస స్త్రీలైన హార్పీలను పురాణంలో గాలి దేవుడి ఇద్దరు కొడుకులు ఆకాశంలో తరుముతారు. సినిమాలో ఓడ సిబ్బంది గుడి శిథిలాల మీదికి ఎక్కి వల విసిరి పట్టుకుంటారు. ఆర్గోకు మాట్లాడే శక్తి ఉండటం కూడా పాత కథలోదే. అక్కడ దొదోనా ఓక్ చెట్టు నుంచి తెచ్చిన దూలం మాట్లాడితే, ఇక్కడ ఓడ వెనుక చెక్కిన హీరా ప్రతిమ కళ్లు తెరిచి మాట్లాడుతుంది.

నాకు నిజంగా లోటుగా తోచేది మెదియా పాత్ర ఒక్కటే. గ్రీకు సాహిత్యంలో ఆమె అసాధారణ ప్రజ్ఞ ఉన్న స్త్రీ. క్రీస్తుపూర్వం 431లో యూరిపిడిస్ ఆమె పేరు మీదనే విషాద నాటకం రాశాడు. సినిమాలో ఆమె హెకటీ గుడి పూజారిణిగా నృత్యం చేసి, జేసన్‌ను ప్రేమించి, బాణం తగిలి పడిపోయి, బంగారు తోలు మహిమతో లేచి కూర్చుంటుంది. పురాణంలో జేసన్‌ను గెలిపించినదే ఆమె అయినప్పుడు, ఆ గెలుపులన్నీ తీసి వీరుడికి కట్టబెట్టడం అన్యాయం.

బంగారు పొట్టేలు తోలు వెనుక ఏదైనా వాస్తవం ఉందా?

కోల్కిస్ అంటే నల్ల సముద్రపు తూర్పు తీరం, నేటి జార్జియా దేశపు పశ్చిమ భాగం. అక్కడి కొండవాగుల్లో బంగారు రేణువులు కొట్టుకొస్తాయని, వాటిని ప్రజలు ఉన్ని తోళ్లతో పట్టుకుంటారని, ఈ కథ అక్కడి నుంచే పుట్టి ఉండవచ్చని పురాతన భూగోళవేత్త స్ట్రాబో రాశాడు.

ఢీకొనే కొండల మధ్య ఓడను కాపాడే సముద్ర దేవుడు ట్రైటన్ కూడా బొమ్మేనా?

కాదు, ఆయన నిజమైన మనిషి. చేప తోక కట్టుకున్న నటుడిని, చిన్న ఓడ నమూనాను నీటి తొట్టిలో ఉంచి, కెమెరాను వేగంగా తిప్పి తీశారు. అలా తీసినదాన్ని మామూలు వేగంతో చూపితే కదలిక నెమ్మదించి, నీటి బిందువులు బరువుగా పడుతూ మనిషి మహాకాయుడిలా కనిపిస్తాడు. నీటిని ఫ్రేము ఫ్రేముగా ఆపలేం కనుక అక్కడ స్టాప్ మోషన్ పనికిరాదు.

చిత్రీకరణ ఎక్కడ జరిగింది?

బయటి దృశ్యాలు ఎక్కువగా దక్షిణ ఇటలీలోని పాలినూరో తీర ప్రాంతంలో తీశారు. హార్పీల ఘట్టం అక్కడికి దూరం కాని పేస్టుమ్‌లో జరిగింది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దానికి చెందిన ఆ గ్రీకు దేవాలయం సెట్టింగు కాదు. దాన్ని చాలాకాలం సముద్ర దేవుడి గుడి అని పిలిచేవారు, నేటి పండితులు ఎక్కువగా అది హీరా దేవి గుడి అంటున్నారు. హీరా అండతో సాగే కథకు ఇంతకంటే తగిన చోటు దొరకదు.

సంగీతంలో ఏదో తేడా వినిపిస్తుంది. ఏమిటది?

స్వరకర్త బెర్నార్డ్ హెర్మన్ ఈ చిత్రానికి వయొలిన్ కుటుంబపు వాద్యాలను పూర్తిగా పక్కన పెట్టి, ఇత్తడి బాకాలు, ఊదే కర్ర వాద్యాలు, డోళ్లు, తాళాలతో ప్రధానంగా సంగీతం కూర్చారు. కంచు, ఎముక, రాయి అనే మూడు పదార్థాలతో నిండిన కథకు ఆ ధ్వని సరిగ్గా అతికింది. హ్యారీహౌసెన్‌తో ఆయన పనిచేసిన నాలుగో చిత్రం ఇది, చివరిదీ ఇదే.

జేసన్ గొంతు ఆ నటుడిదేనా?

కాదు. టాడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా నటుడు కాగా, మిగిలిన తారాగణంలో చాలామంది బ్రిటిష్ వారు. యాస కలవదన్న ఉద్దేశంతో ఆయనకు టిమ్ టర్నర్ గొంతు అరువిచ్చారు. మెదియాగా నటించిన నాన్సీ కోవాక్ గొంతు కూడా డబ్బింగే. హీరాగా ఆనర్ బ్లాక్‌మన్, జియస్‌గా నియల్ మెక్‌గినిస్ సొంత గొంతులతోనే మాట్లాడారు.

విడుదలైనప్పుడు పెద్ద విజయం సాధించిందా? ఆస్కార్ వచ్చిందా?

రెండూ లేవు. ఆ కాలంలో ఇటలీ నుంచి కండల వీరుల సినిమాలు వరసగా వచ్చిపడుతుండటంతో, ఇదీ వాటిలో ఒకటి అనుకుని ప్రేక్షకులు పక్కన పెట్టారని హ్యారీహౌసెన్ భావించేవారు. ఆ ఏడాది ప్రత్యేక దృశ్యాల ఆస్కార్ క్లియోపాత్రాకు దక్కింది, ఈ చిత్రానికి నామినేషన్ కూడా రాలేదు. నాలుగున్నర నెలల ఆ పోరాట దృశ్యాన్ని తలచుకుంటే ఈ నిర్లక్ష్యం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 1992లో అకాడమీ ఆయన జీవితకాల సాంకేతిక కృషికి గార్డన్ సాయర్ పురస్కారం ఇచ్చినప్పుడు, ఆ సభను నిర్వహించిన నటుడు టామ్ హ్యాంక్స్ తన దృష్టిలో లోకంలోని అన్ని సినిమాల్లోకీ గొప్పది ఇదేనని వేదిక మీదే ప్రకటించారు.

కథ మధ్యలో ఆగినట్టు ఎందుకు ముగుస్తుంది? రెండో భాగం ఉందా?

రెండో భాగం రాలేదు. తోలు దొరికింది, ఓడ బయలుదేరింది, అంతే. పీలియస్ సంగతి తేలనే లేదు. జేసన్ కోసం ఇంకా సాహసాలు మిగిలి ఉన్నాయని, ఆట మరో రోజు కొనసాగిద్దామని జియస్ అనడంతో సినిమా ముగుస్తుంది. దీన్ని లోపంగా లెక్కించేవారు ఉన్నారు. ఆ తరువాతి పురాణం తెలిసినవారికి మాత్రం, ద్రోహంతో, బిడ్డల చావుతో అంతమయ్యే ఆ దాంపత్యం ఇంకా మొదలుకాకముందే, గాలి నిండిన తెరచాప దగ్గర కథ ఆపినందుకు ఊరటగానే ఉంటుంది.

పిల్లలకు చూపించవచ్చా?

ఎనిమిదేళ్లు దాటినవారికి పెద్దలు పక్కన కూర్చుని చూపించవచ్చని నా సలహా. రక్తపాతం తక్కువ. మొదట్లో గుడిలో జరిగే హత్య, హైలస్ మరణం, అస్థిపంజరాల అరుపులు చిన్నవారిని భయపెట్టవచ్చు.

ఆ బొమ్మలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

హ్యారీహౌసెన్ దంపతులు 1986లో స్థాపించిన ఫౌండేషన్ ఆయన బొమ్మలను, చిత్రాలను, అచ్చులను భద్రపరుస్తోంది. ఆయన 2013 మే 7న లండన్‌లో కన్నుమూశారు. రబ్బరు కాలంతో పెళుసుబారి పగిలిపోతుంది కనుక వాటిని కాపాడటమే ఒక ప్రత్యేక విద్య. ఆయన శతజయంతి సందర్భంగా 2020లో ఎడిన్‌బరోలో పెద్ద ప్రదర్శన ప్రారంభమైంది.

మొదటిసారి చూసేవారు ప్రత్యేకంగా ఏం గమనించాలి?

పోరాటం మొదలయ్యే ముందు క్షణాలను. అస్థిపంజరాలు నేలలోంచి లేచాక వెంటనే దూకవు. వరసగా నిలబడి, డాళ్లు సర్దుకుని, నడుము వంచి, ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరికి వస్తాయి. రాజు ఆజ్ఞ వినగానే అరుపుతో ఒక్కసారిగా పరుగెత్తుతాయి. ఆ నెమ్మదైన అడుగులను త్వరగా తేల్చేయాలని హ్యారీహౌసెన్ అనుకుని ఉంటే ఎన్నో రోజుల పని కలిసి వచ్చేది. రెండోసారి చూసేటప్పుడు శబ్దం తగ్గించి, వెనుక వరుసలో, ఎవరి కంటా పడని అస్థిపంజరాన్ని ఒక్కదాన్నే చివరిదాకా చూడండి. అది కూడా ఊరికే నిలబడి ఉండదు, తన వంతు కోసం కత్తి పట్టు మార్చుకుంటూ ఉంటుంది.